పడవ మోటారులో పెట్రోలు పొంగుట: గుర్తులు, కారణములు, చికిత్స

లంక భూములు సాగుచేయు మన సభ్యులకు పడవయే బండి. అరటి గెలలు, వంకాయ బుట్టలు, పచ్చగడ్డి మోపులు, పాలబిందెలు అన్నియు పాయ దాటియే రేవు చేరవలెను. గెడతోను తెడ్డుతోను నడచుచుండిన పడవలకు మోటారు తగిలించుటవలన ప్రొద్దు కలిసివచ్చినమాట నిజమే. అయితే సంఘములకు అందుబాటు ధరకు దొరకునవి తరచుగా పాత మోటారులు. పడవ వెనుక పలకకు మరలతో బిగించి నడుపునవి, రెండు స్ట్రోకులవి, నూనె కలిపిన పెట్రోలుతో పనిచేయునవి. ఇట్టి మోటారులనుగూర్చి నాకు వచ్చు ఫిర్యాదులలో సగమునకు పైగా ఒక్కటే: “తాడు ఎంత లాగినను అంటుకొనదు, పెట్రోలు వాసన మాత్రము గుప్పుమనుచున్నది.” దీనినే మన మెకానిక్కులు ‘ఓవర్‌ఫ్లో’ అందురు. పనికి కావలసినదానికంటె ఎక్కువ పెట్రోలు లోపల చేరి, మోటారు ఊపిరాడక నిలిచిపోవుటయే ఈ వ్యాధి.

ఈ పాఠము పడవ మోటారునకే పరిమితము కాదు. వీపున మోసికొని మందు చల్లు పవర్ స్ప్రేయరులలో రెండు స్ట్రోకులవి, గడ్డి కోయు చేతి యంత్రములు, పాత మోపెడ్లు అన్నియు ఈ జాతివే. చేలో స్ప్రేయరు ఆగినచో ఒక పూట పని చెడును, అంతే. పాయ నడుమ మోటారు ఆగినచో సంగతి వేరు.

నా తెలివితక్కువను ముందుగా చెప్పి పాఠము మొదలుపెట్టెదను. కొన్నేండ్ల క్రిందట ఒక వానకాలమున విత్తనపు మూటలతో గౌతమీ పాయ దాటుచుంటిమి. సరంగు గెడ పట్టి ముందు కూర్చుండెను. యంత్రముల సంగతి నాకు తెలియునని మోటారు నేను పట్టుకొంటిని. నడుమ ఇసుక మేటవద్ద ఒక్క నిమిషము ఆపి మరల తాడు లాగగా అది అంటుకొనలేదు. పెట్రోలు అందలేదని తలచి చోకు లాగితిని. రబ్బరు బల్బు పది పిసుకులు పిసికితిని. మరల లాగితిని, మరల పిసికితిని. చేతులు పడిపోయినవి. ఈలోపల ఎఱ్ఱనీటి ఉరవడికి పడవ అడ్డము తిరిగి, తెగిపడిన రేవు మొండిగోడవైపు పోవుచుండెను. వృద్ధుడైన ఆ సరంగు లంగరు జారవిడిచి, వెనుకకు వచ్చి, మోటారు మూతవద్ద ముక్కు పెట్టి వాసన చూచి, “దీనికి దాహం వెయ్యలేదండి, అయ్యగారూ. కడుపు నిండిపోయి ఊపిరాడ్డం లేదండి. మీరింకా పోస్తన్నారు,” అనెను. పెట్రోలు గొట్టము ఊడదీసి, చోకు లోనికి నెట్టి, కాసేపు చుట్ట నోట పెట్టుకొని ముట్టింపకయే కూర్చుండెను. పిమ్మట యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి ఏడెనిమిది మార్లు తాడు లాగగా మోటారు దగ్గి, తెల్లని పొగ వదలి, అందుకొనెను.

ఆ దినమున మోటారులో ఏ లోపమును లేదు. లోపము నా చేతిలో నున్నది. అందువలననే ఈ వ్యాధి విచారణలో మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: ఎక్కువైన పెట్రోలు మన చేయి పోసినదా, లేక మనము పోయకయే యంత్రము తనంతట పోసికొన్నదా? ఈ రెంటిని వేరుపరుపక స్క్రూడ్రైవరు చేత పట్టినవాడు బాగున్నదానిని విప్పి చెడగొట్టును. విప్పవలసినదానిని విప్పక తాడు తెంపుకొనును.

ఈ యంత్రములోనికి పెట్రోలు ఏ దారిని పోవునో తెలిసికొన్నచో తక్కినది సులభము. ట్యాంకునుండి రబ్బరు గొట్టము బయలుదేరును. దాని నడుమ చేతితో పిసుకు బల్బు ఉండును. అచ్చటినుండి పెట్రోలు మోటారునకు అంటియున్న చిన్న పంపునకు, పంపునుండి కార్బ్యురేటరునకు చేరును. కార్బ్యురేటరు అడుగున ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో ఒక ఫ్లోటు కలవు. మన మిద్దెలపై నీళ్ల ట్యాంకులో తేలుచుండు బంతి ఏ పని చేయునో ఈ ఫ్లోటు ఆ పనియే చేయును. పెట్రోలు నిండిన కొలది ఫ్లోటు పైకి లేచి, సూదివంటి కవాటమును దాని పీటలోనికి నొక్కి దారి మూయును. మట్టము తగ్గగానే దిగి దారి తెఱచును. ట్యాంకు బంతి చెడినచో మిద్దెమీదినుండి నీరు కారును. ఇక్కడ సూది చెడినచో కార్బ్యురేటరు నోటినుండి పెట్రోలు కారును. అంతే భేదము.

గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్టుగుండ తుంపరయై గాలితో కలియును. రెండు స్ట్రోకుల యంత్రములో ఈ మిశ్రమము నేరుగా సిలిండరులోనికి పోదు. పిస్టను పైకి పోవునపుడు దాని క్రింది క్రాంకు గదిలో ఈడ్పు పుట్టి, పలుచని రేకుల కవాటమును తెఱచుకొని మిశ్రమము మొదట ఆ గదిలోనికి వచ్చును. పిస్టను దిగునపుడు అచ్చట నొక్కబడి, ప్రక్క దారులగుండ పైనున్న సిలిండరు చేరును. ఈ విషయము జ్ఞాపకముంచుకొనుట ముఖ్యము. ఎందుకనగా ఎక్కువైన పెట్రోలు ప్లగ్గువద్దనే కాక క్రింది గదిలో మడుగు కట్టియుండును. ప్లగ్గు తుడిచి పెట్టగానే ఒక్క దగ్గు దగ్గి మరల తడిసిపోవుట అందరును చూచినదే. అది క్రింది మడుగు పైకి వచ్చుటచేత కలుగునది.

తడి ఎక్కువైనచో ఎందుకు మండదు? మండునది ద్రవ పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లకు తక్కువైనను మండదు, ఏడున్నర పాళ్లకు మించినను మండదు. దీనికి తోడు ప్లగ్గు మొనకు పెట్రోలును నూనెయు అంటుకొన్నచో నిప్పురవ్వ ఎగురవలసిన సందున ఎగురక తడిమీదుగా జారిపోవును. కావున ఒకే తప్పువలన రెండు నష్టములు.

గుర్తులు వాసనతో మొదలగును. చల్లని మోటారు అంటుకొనక వాసన లేకున్నచో అది పెట్రోలు అందకపోవుట కావచ్చును. వాసన గుప్పుమన్నచో పొంగుటయే. నీటిపై రంగురంగుల తెట్టు కనబడును. ప్లగ్గు విప్పి చూచినచో మొన తడిసి నిగనిగలాడును. తాడు మామూలుకంటె బరువుగా వచ్చి, ఒక్కచోట గట్టిగా పట్టుకొన్నచో మాత్రము బలవంతముగా లాగవలదు. పిస్టనుపైన ద్రవము నిండి అడ్డుపడినదని అర్థము. ద్రవమును గాలివలె నొక్కలేము. బలము చూపినచో కడ్డీ వంగును. ప్లగ్గులు విప్పి, ఆ ద్రవము బయటికి పోనిచ్చిన పిమ్మటనే తాడు ముట్టవలెను.

ఇక నీటిమీద చేయవలసిన పని. మొదటిది లంగరు. మోటారు ఆగిన క్షణముననే లంగరు వేయుడు, లేదా ఒకరిని గెడకు నియమించుడు. యంత్రముతో పోట్లాట తరువాత. పడవలో చుట్ట, బీడీ, వంటపొయ్యి, వెలుగుచున్న లాంతరు ఏదియు ఉండరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక పడవ అడుగున పాములవలె ప్రాకి దాగియుండును.

పిమ్మట పెట్రోలు గొట్టమును మోటారువద్ద ఊడదీయుడు. చోకు పూర్తిగా లోనికి నెట్టుడు. గేరు న్యూట్రలులో నుంచి, ఆ స్థితిలో యాక్సిలరేటరు ఎంతవరకు తిరుగనిచ్చునో అంతవరకు త్రిప్పుడు. ఇందువలన గాలి దారి పెద్దదై లోని తడి ఆరును. ఇప్పుడు నిండుగా, ఆత్రపడక, ఎనిమిది పది మార్లు తాడు లాగుడు. చేతి తప్పువలన కలిగిన పొంగు చాలవరకు ఇంతటితో తీరును. అంటుకొనగానే యాక్సిలరేటరు తగ్గించుట మరువరాదు. లోని మిగులు పెట్రోలుతో అది ఒక్కసారి కేకలు వేయును. తరువాత గొట్టము తగిలించి, బల్బు ముట్టక నడువనిండు.

అంతటితో లొంగకున్నచో పదినిమిషములు మూత తెఱచి ఊరకుండుడు. ఈ ఊరకుండుట మనవారికి మిక్కిలి కష్టమైన పని. పాయలో చిక్కినవానికి పదినిమిషములు పది గంటలవలె తోచును. కాని ఆవిరి పోవుటకు కాలమే మందు. ఆపైన ప్లగ్గుల టోపీలు తీసి, ప్లగ్గులు విప్పి, అత్యవసరపు తాళపు తాడు లాగి కరెంటు రాకుండ చేయుడు. ఆ టోపీలను ప్లగ్గు రంధ్రములకు దూరముగా మోటారు ఇనుమునకు ఆనించి భూమి కల్పించుడు. ఇది రెండు కారణములచేత అవసరము. రంధ్రమునుండి చిమ్ము పెట్రోలునకు నిప్పురవ్వ తగిలినచో మంట లేచును. రవ్వకు దారి లేకున్నచో కరెంటు పెట్టె చెడును. రంధ్రములకు అడ్డముగా పాత గుడ్డ పట్టి, మొగము ప్రక్కకు త్రిప్పుకొని, పది మార్లు తాడు లాగుడు. తడి గుడ్డను డబ్బాలో వేసి మూత పెట్టుడు. నదిలో విసరరాదు. క్రింద రొయ్యల చెరువులకు ఆ నీరే పోవును. ప్లగ్గులు తుడిచి ఆరబెట్టి, వీలున్న వేరే పొడి ప్లగ్గులు బిగించి, చోకు లేకుండ యత్నింపుడు.

చేతి తప్పులు ముఖ్యముగా మూడు నాలుగు కలవు. చోకు అనునది గాలి దారిని మూయు రేకు. ఉదయము చల్లని మోటారునకు అది కావలెను. మొదటి దగ్గు వినగానే దానిని లోనికి నెట్టవలెను. వేడెక్కి ఆగిన మోటారునకు చోకు ఎన్నడును వలదు. బల్బును దాని బాణపు గుర్తు మోటారువైపు చూచునట్లు, మోటారు కొన పైకి ఉండునట్లు పట్టి, గట్టిపడువరకు మాత్రమే పిసుకవలెను. గట్టిపడినదనగా గిన్నె నిండి సూది మూసికొన్నదని అర్థము. అటుపైన పిసుకునది సూదిని నెట్టుకొని లోనికి పోవును. చిన్నతనమున నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహములో కరెంటు పోయినప్పుడు పెట్రోమాక్సు వెలిగించు పని నాకు వచ్చెడిది. వెలుగక ఎఱ్ఱగా మండినప్పుడెల్ల నేను గాలి కొట్టుచుందును. మా వార్డెనుగారు వచ్చి పంపు నా చేతినుండి లాగికొని, పిన్నుతో రంధ్రము పొడిచి పోవుచుండిరి. ఒక్కమాటయు అనెడివారు కారు. ముప్పది యేండ్ల తరువాత బల్బు పిసికిన చేయి ఆ చేయియే.

ఎండ కూడ చేతి తప్పులోనిదే. మధ్యాహ్నము ట్యాంకును ఎండలో విడిచి, దాని మూతమీది గాలి మర మూసి, గొట్టము మోటారునకు తగిలించియే వంటకు పోవుదురు. ట్యాంకు వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగి, ఎవరును పిసుకకయే పెట్రోలును సూదిమీదుగా తోయును. “ప్రొద్దున బాగానే నడిచింది, భోజనం చేసి వచ్చేసరికి చచ్చిపోయింది,” అన్న ఫిర్యాదునకు సాధారణముగా ఇదియే కారణము. ఆపినప్పుడు గొట్టము ఊడదీయుడు. ట్యాంకుపై గోనెపట్టా కప్పుడు. మరల తగిలించుటకు ముందు గాలి మర మెల్లగా విప్పి ఒత్తిడి పోనిండు. నడుచునపుడు ఆ మర తెఱచియే యుండవలెను. ఇసుక మేటలవద్ద మోటారును పైకి వంచి కట్టునప్పుడును గొట్టము ఊడదీయుట మంచిది. వంగిన గిన్నెలో ఫ్లోటునకు మట్టము తెలియదు.

ఈ తప్పు లేవియు లేకున్నను పొంగుచున్నచో యంత్రమును అనుమానింపవలెను. దీనికి ఒక పరీక్ష కలదు. ఖర్చు లేదు. ఒడ్డున, గాలి ఆడుచోట, మోటారు చల్లబడిన తరువాత చేయవలెను. మూత తీసి, ప్లగ్గులు తుడిచి బిగించి, గొట్టము తగిలించి, బల్బు గట్టిపడువరకు పిసుకుడు. తాడు లాగవలదు. పదినిమిషములు కూర్చుండి కార్బ్యురేటరు నోటిని, బల్బును చూచుచుండుడు. బల్బు గట్టిగా నిలిచి, నోరు పొడిగా నున్నచో సూది, ఫ్లోటు బాగున్నవి. తప్పు చేతిలోనో నిప్పురవ్వలోనో ఉన్నది. బల్బు మెత్తబడి, నోటినుండి బొట్టు బొట్టుగా కారినచో సూది మూయుట లేదు. బల్బు మెత్తబడియు నోరు పొడిగా నున్నచో గొట్టపు అతుకులు తడిమి చూడుడు. అవియు పొడిగా నున్నచో రెండు మార్గములే మిగులును. బల్బులోని కవాటము చెడి పెట్రోలు ట్యాంకునకు మరలిపోవుచుండవచ్చును. లేదా పంపులోనుండి దొంగదారిన క్రాంకు గదికి పోవుచుండవచ్చును. మొదటిదానిచేత పొంగదు. రెండవదానిచేత పొంగును, ప్లగ్గు తడియును.

సూది మూయనిచో కార్బ్యురేటరు విప్పక తప్పదు. ఒడ్డున, తెల్లని గుడ్డ పరచిన పళ్లెములో విప్పుడు. విప్పుటకు ముందును, ప్రతి మెట్టునను సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుడు. ఈ సౌకర్యము మా గురువులకు లేకపోయెను. గిన్నె విప్పగానే అడుగున ఏమున్నదో చూడుడు. ఇసుక రేణువులు, తుప్పు, పచ్చని జిగురు, నీటి బుడగలు ఉన్నచో వ్యాధి గొట్టపు మొదటనే, ట్యాంకులోనే ఉన్నది. గిన్నె తుడిచి ట్యాంకు కడుగనిచో వారమునకు మరల వత్తురు. ఫ్లోటును చెవివద్ద కదపి చూడుడు. లోన గలగల వినబడినచో అది చిల్లి పడి పెట్రోలు త్రాగినది, తేలదు. పాతకాలపు బెండు ఫ్లోటు పైపూత పోయి పెట్రోలు పీల్చి బరువెక్కును. రెంటికిని అతుకు వేయుట వృథా. కొత్తది కొనుడు.

సూది మొనను వెలుతురున చూచి, గోటితో తడవుడు. చుట్టును ఉంగరమువంటి గీటు పడియున్నచో అరిగినది. కొందరు దానిని ఉప్పుకాగితముతో రుద్ది మరల వేయుదురు. రెండు దినములు పనిచేసి మూడవ దినము నడిపాయలో మోసము చేయును. సూదిని, వీలున్న దాని పీటను కలిపియే మార్చవలెను. ఫ్లోటు తిరుగు సన్నని ఇరుసు వంగి బిగుసుకొన్నదేమో చూడుడు. కార్బ్యురేటరును తలక్రిందుగా పట్టి, పెట్రోలు వచ్చు గొట్టపు కొననుండి శుభ్రమైన గొట్టముతో మెల్లగా ఊదుడు. ఫ్లోటు బరువునకు సూది మూసికొని గాలి పోరాదు. ఫ్లోటును వ్రేలితో ఎత్తగానే గాలి పోవలెను. ఫ్లోటు మట్టము తయారుచేసినవారి పుస్తకములో చెప్పిన ప్రకారము ఉంచవలెను. ఉజ్జాయింపు పనికిరాదు. జెట్టు రంధ్రములలో ఇనుపతీగ దూర్చవలదు. రంధ్రము పెద్దదైనచో ఆ మోటారు జీవితాంతము ఎక్కువ త్రాగును. కార్బ్యురేటరు శుభ్రపరచు ద్రవమును, గాలి పంపును చాలును.

పంపు దొంగదారి సంగతి పలువురు మెకానిక్కులకే తట్టదు. ఈ మోటారుల పంపునకు వేరే శక్తి లేదు. క్రాంకు గదిలో ఎగయు దిగు ఒత్తిడియే ఒక పలుచని పొరను ఊపి పెట్రోలును నెట్టును. ఆ పొర చిరిగినచో పెట్రోలు కార్బ్యురేటరుతో పని లేక నేరుగా క్రాంకు గదిలోనికి కారును. కార్బ్యురేటరును ఎన్ని మార్లు శుభ్రము చేసినను ఫలము లేదు. ఇక్కడ ఒక ఆనవాలు చెప్పెదను. ఒకే కార్బ్యురేటరు గల రెండు సిలిండరుల మోటారులో రెండు ప్లగ్గులును తడిసినచో సూది, ఫ్లోటు, చోకులను చూడుడు. ఒక్క ప్లగ్గే మాటిమాటికి తడిసినచో, పంపు ఆ సిలిండరు గదికి తగిలియున్నదేమో చూడుడు. తగిలియున్నచో పొర విప్పి సూర్యుని వెలుతురునకు పట్టుడు. సూదిమొనంత చిల్లియైనను కనబడును. పొర బాగున్నచో ఆ సిలిండరునకు నిప్పురవ్వ బలహీనముగా నున్నది. మండని పెట్రోలు పోగుపడుటవలన పొంగినట్లు కనబడును గాని అది పొంగు కాదు. ప్లగ్గు, టోపీ, తీగ వరుసగా మార్చి చూడుడు.

మోటారు నడుచునపుడు కార్బ్యురేటరు నోటినుండి తుంపర వెనుకకు చిమ్మినచో లోని రేకుల కవాటము విరిగినదని అనుమానింపవలెను. అది ఇంటివద్ద చేయు పని కాదు. విరిగిన రేకు ముక్క పిస్టనును గీయును. నడుపక మెకానిక్కునకు చేర్పుడు.

నూనె పాలు కూడ చూడుడు. తయారుచేసినవారు 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె అన్నచో లీటరునకు 20 మి.లీ. అగును. 25 పాళ్లకు 1 అన్నచో 40 మి.లీ. “ఎక్కువ పోస్తే ఇంజనుకు బలం” అని గుప్పెడు మూతలు పోసినవారి ప్లగ్గు నల్లని జిడ్డు పట్టి, పొంగిన లక్షణములే చూపును. ఆరోగ్యముగా నడచిన ప్లగ్గు మొన లేత గోధుమరంగున నుండును.

పెట్రోలు మాటయు చెప్పవలెను. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. మన చెఱకు, మొక్కజొన్న, నూకలకు అది ఒక గిరాకీ తెచ్చినది గనుక దానిని నిందింపను. అయితే పాత మోటారుల రబ్బరు గొట్టములు, సూది మొనలు, పంపు పొరలు దీనికొఱకు చేసినవి కావు. అవి ఉబ్బును, మెత్తబడును, పెచ్చులూడును. ఆ పెచ్చులే సూది పీటలో చిక్కుకొనును. ఇథనాలు గాలిలోని తేమను లాగికొనును. మితిమీరినచో నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరుపడును. కావున విడిభాగములు కొనునపుడు ఇథనాలునకు ఓర్చునవేనా అని అడిగి కొనుడు. నెలకు మించి నిలువయున్న పెట్రోలు పోయవలదు. పని ముగిసిన ప్రతి సాయంకాలము గొట్టము ఊడదీసి, గిన్నెలోనిది అయిపోయి ఆగువరకు మోటారును నడువనిండు. ఎండిన గిన్నెలో జిగురు పట్టదు. ఇది నీటిలోనే చేయవలెను. నీరు అందక నడిపినచో చల్లబరచు పంపు కాలిపోవును.

వరదలనుగూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కినది. ఆ దినములలో లంకలలోని పశువులను, ముసలివారిని దాటించినది పడవలే. ధవళేశ్వరమువద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇత్తురు. ఆ హెచ్చరిక విన్న తరువాత కార్బ్యురేటరు విప్పి కూర్చుండుటకు వ్యవధి యుండదు. సంఘపు మోటారునకు బల్బు పరీక్ష జూను మొదటి వారముననే జరుగవలెను. సూది, పీట, పంపు పొర, గిన్నె వాషరు వీని వెల మొత్తము మోటారు వెలలో స్వల్పము. ఒక జత కొని నిలువయుంచుటకు కార్యవర్గము వెనుదీయరాదు.

పడవలో ఒక రేకుడబ్బా ఉండవలెను. అందులో నూనెగుడ్డ చుట్టిన రెండు పొడి ప్లగ్గులు, ప్లగ్గు పానా, చిన్న స్క్రూడ్రైవరు, పొడి గుడ్డలు, రెండు గొట్టపు క్లిప్పులు, మోటారు మూత తీసినను తాడు లాగుటకు వీలగు విడి తాడు ఒకటి వేసి, మూత లోపలి ప్రక్కన ప్లగ్గు నంబరును, నూనె పాలును, కడపటిసారి సూది మార్చిన తేదీని పెయింటుతో వ్రాసియుంచుడు. లంగరును, గెడను, రెండు తెడ్లను, ఎక్కువారి సంఖ్యకు సరిపోవు తేలు జాకెట్లను ఆ డబ్బాకంటె ముందుగా పడవలో వేయుడు.